పొలిమేర మీద ల్యూబార్స్

మొదటి రోజు, శనివారం

మా అమ్మాయి వాళ్లుండేది బెర్లిన్ ఉత్తరపు చివర, పదకొండో అంతస్తులో. ఆ కాలనీ పేరు మెర్కిషెస్ ఫియర్టెల్. నాకు నోరు తిరగడం లేదని చూసి మనవడు, "ఎం ఫౌ అను తాతా, ఇక్కడ అందరూ అంతే అంటారు" అని దారి చూపించాడు. 1963లో మొదలుపెట్టి 1974 దాకా కట్టారట, సుమారు 17 వేల ఫ్లాట్లు. వంటగది కిటికీలోంచి ఎటు చూసినా మేడలే. బాల్కనీలోకి వస్తే మాత్రం అవి ఉన్నట్టుండి అయిపోతాయి. ఆ తర్వాత పొలాలు, చెట్లు, చెట్ల సందుల్లో పెంకుటిళ్ల కప్పులు.

"అదే ఊరమ్మా?" అని అడిగాను.

"ఊరు కాదు నాన్నా, అదీ బెర్లినే. ల్యూబార్స్ అంటారు. మనదీ దానిదీ ఒకటే జిల్లా, రైనికెన్‌డోర్ఫ్."

నగరం పక్కన పల్లె ఉంటే వింతేమీ లేదు. కాగితాల మీద వందేళ్లుగా నగరమే అయిన చోట ఇంకా నాగలి సాగుతోందంటే నమ్మబుద్ధి కాలేదు. మాది ఉప్పల్ పక్కన ఒక చిన్న ఊరు. 2007లో మమ్మల్ని జీహెచ్‌ఎంసీలో కలిపారు. కలిపే నాటికే మా పొలాల్లో హద్దురాళ్లు పాతేసి ఉన్నాయి, కొన్నిటికి రంగులు కూడా వేశారు. మరి ఇక్కడ ప్లాట్లు ఎందుకు పడలేదు? అది చూడాలనే ఆ సాయంత్రం చెప్పులు వేసుకున్నాను. మనవడు వెంటపడ్డాడు.

కాలనీ దాటగానే ఒక గుట్ట ఎదురైంది. పచ్చగడ్డి, పైకి పోయే బాట, గాలిపటాలు ఎగరేసే పిల్లలు. సగం ఎక్కాక మనవడు తాపీగా చెప్పాడు, ఇది గుట్ట కాదట, చెత్త అట. నిజమే, ఒకప్పుడు తూర్పు జర్మనీ నడుమ గోడ లోపల ఇరుక్కున్న పశ్చిమ బెర్లిన్ తన చెత్తను తెచ్చి ఇక్కడ పోసి, తర్వాత మట్టి కప్పి పార్కు చేసింది. నాలుగు వైపులా గోడ ఉన్న నగరానికి చెత్తను బయటికి పంపడం అంత తేలిక కాదు. లోపలే, అంచున కుప్ప పోసుకుంది. ఇప్పుడు శీతాకాలంలో దాని మీద నుంచి పిల్లలు స్లెడ్జి బళ్ల మీద జారుతారు.

పైనుంచి చూస్తే వెనక మేడలు, ముందు రై అనే ధాన్యపు చేను. నడుమ ఏమీ లేదు. పేటలు పలచబడుతూ, షెడ్లు, ఖాళీ స్థలాలు, దాబాలు దాటుకుంటూ ఊరు మెల్లగా పల్లెలోకి కరగడం మనకు అలవాటు. ఇక్కడ కత్తితో కోసినట్టు నగరం ఆగిపోయింది.

దిగి ఊళ్లోకి వెళ్లేసరికి ఎనిమిదైంది, ఎండ ఇంకా ఉంది. జూన్‌లో ఇక్కడ తొమ్మిదిన్నర దాకా చీకటి పడదు. మొదట తగిలింది వాసన. గుర్రపు లద్దె, ఎండుగడ్డి, పూసిన లిండెన్ చెట్లు. వీధి మధ్యలో పొడుగ్గా ఒక పచ్చిక, దాని మీద చర్చి, పాత బడి, అగ్నిమాపక బండి షెడ్డు. పచ్చికకు రెండు వైపులా రాళ్లు పరిచిన బాట, బాట వెంట రైతుల ఇళ్లు. ప్రతి ఇంటికీ లారీ పట్టేంత గేటు, లోపల విశాలమైన వాకిలి, వాకిలి చివర గుర్రాల శాల. నడిమి పచ్చికను ఇక్కడ ఆంగర్ అంటారు. మన రచ్చబండకు నాలుగెకరాలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఒక అమ్మాయి గుర్రాన్ని నడిపించుకుంటూ మా ముందు నుంచి వెళ్లింది. దాని వెనకే డబుల్ డెక్కర్ ఎత్తులో పసుపు పచ్చ సిటీ బస్సు వచ్చి, గుర్రం పక్కకు తప్పుకునేదాకా హారన్ కొట్టకుండా ఆగింది. 222 నంబరు. ఇదే దాని ఆఖరి స్టాపు.

రెండో రోజు, ఆదివారం

ఆదివారం ఇక్కడ కిరాణా కొట్టు తెరవరన్న సంగతి మర్చిపోయి, నీళ్ల సీసా లేకుండా బయల్దేరాను. దానికి అమ్మాయి దగ్గర తిట్లు తిన్నది సాయంత్రం.

మనవడు ఆదివారాలు ఊళ్లో పోనీ గుర్రం ఎక్కడం నేర్చుకుంటున్నాడు. వాడిని అక్కడ దింపి చర్చి చూడటానికి వెళ్లాను. చిన్న చర్చి, 1793లో కట్టింది. గొప్పగా చెప్పుకునేంత శిల్పమేమీ లేదు, సున్నం వేసిన ఇంటిలా నిశ్శబ్దంగా ఉంది. ఊరు మాత్రం చర్చి కంటే చాలా పాతది. రాతపత్రాల్లో దీని పేరు మొదటిసారి కనిపించేది 1247లో. పేరు జర్మన్ మాట కూడా కాదు, అంతకు ముందు ఇక్కడున్న స్లావ్ జనం పెట్టినది. మధ్యయుగాల్లో ఈ ఊరు స్పాండావ్‌లోని సన్యాసినుల మఠానికి శిస్తు కట్టేది. మన లెక్కలో చెప్పాలంటే మఠం మాన్యం.

ఇక్కడ నేల చాలావరకు ఇసుక. బెర్లిన్ చుట్టూ ఉన్న ఈ ప్రాంతాన్ని పాతకాలంలో 'సామ్రాజ్యపు ఇసుక డబ్బా' అని ఎగతాళి చేసేవారు, సిరా ఆరడానికి కాగితం మీద చల్లే ఇసుక డబ్బా అన్నమాట. అందుకే గోధుమ కంటే రై, బంగాళాదుంప ఎక్కువ. గుప్పెడు మట్టి తీసి చూశాను. వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. మా నల్లరేగడి అయితే చేతిని వదిలేది కాదు.

ఊరు నగరంలో కలిసిన కథ ఒక్క పూటలో జరిగింది. 1920 ఏప్రిల్‌లో, బెర్లిన్ అప్పుడున్న ప్రష్యా రాష్ట్రపు శాసనసభ ఒక చట్టం చేసింది, అదీ కొద్ది ఓట్ల తేడాతో. ఆ సంవత్సరం అక్టోబర్ 1 నుంచి పాత బెర్లిన్‌తో పాటు మరో 7 పట్టణాలు, 59 గ్రామాలు, 27 జమీందారీ ఎస్టేట్లు కలిసి ఒకే నగరమయ్యాయి. 66 చదరపు కిలోమీటర్ల బెర్లిన్ 878 చదరపు కిలోమీటర్లు అయింది. జనాభా 19 లక్షల నుంచి 38 లక్షలు దాటింది. ఆ 59 గ్రామాల్లో ల్యూబార్స్ ఒకటి. దీనికి తూర్పున ఉన్న పొరుగూరు బ్లాంకెన్‌ఫెల్డె ఇంకొకటి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కలిసినా పెద్దగా మారిందేమీ లేదు. మారింది 1945 తర్వాత. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయిన నగరాన్ని గెలిచిన నాలుగు దేశాలు పంచుకున్నప్పుడు రైనికెన్‌డోర్ఫ్ ఫ్రెంచి వాళ్లకు వచ్చింది, బ్లాంకెన్‌ఫెల్డె ఉన్న పాంకో జిల్లా సోవియట్ వాళ్లకు పోయింది. ఒకే రోజున ఒకే నగరంలో చేరిన రెండు పక్క ఊళ్ల మధ్య పొలిమేర కాస్తా రెండు లోకాల సరిహద్దు అయింది. 1961 ఆగస్టు 13న ఆ గీత మీద ముళ్లకంచె పడింది, తర్వాత గోడ లేచింది. ల్యూబార్స్‌కు తూర్పున తూర్పు బెర్లిన్, ఉత్తరాన తూర్పు జర్మనీ పల్లెలు. అంటే ఊరికి రెండు వైపుల దారి మూసుకుపోయింది.

మనవడి పాఠం అయ్యాక శాల యజమానురాలు మాకు కాఫీ పోసింది. డెబ్బై దాటిన మనిషి, రబ్బరు బూట్లు, చేతులు మా పెద్దమ్మ చేతుల్లా ఉన్నాయి. ఆమె జర్మన్‌లో చెప్పేది వాడు తెలుగులోకి తెచ్చేవాడు. వాడికి తెలుగు తట్టని చోట చేతులతో చూపించేవాడు.

ఆమె చిన్నప్పుడు ఇంట్లో ఆవులు ఉండేవట. గోడ వచ్చాక ఆదివారం వస్తే చాలు, 222 దారిలో బస్సులు నిండిపోయేవట. పశ్చిమ బెర్లిన్ జనానికి పల్లె చూడాలంటే గోడ లోపల మిగిలినవి ఇలాంటి నాలుగైదు చోట్లే మరి. పిల్లలు వచ్చి ఆవును వేలితో పొడిచి చూసేవాళ్లని చెప్పి నవ్వింది. అలా వచ్చినవాళ్లకు గుర్రం ఎక్కాలని సరదా పుట్టింది, రైతులకు పాల కంటే గుర్రాలకు గదులు అద్దెకివ్వడం లాభమనిపించింది. ఊరంతా లద్దె వాసన రావడం వెనక కథ ఇదన్నమాట.

"మా మేనత్తది బ్లాంకెన్‌ఫెల్డె" అంది ఆమె, ఇంకో కప్పు పోస్తూ. మేనత్త అనే మాట వాడికి రాలేదు. "తాతా, డాడీ సిస్టర్" అన్నాడు. రెండేళ్లకు పైగా ఆ మేనత్త మొహం చూడలేదట. 1963 క్రిస్మస్‌కు మొదటిసారి పశ్చిమం వాళ్లకు పాసులు ఇచ్చినప్పుడు వెళ్లారట, నగరం మధ్యలోకి పోయి, గేటు దగ్గర లైన్లో నిలబడి, అటువైపు మళ్లీ ఉత్తరానికి ప్రయాణం చేసి. ఇంటి డాబా ఎక్కితే కనిపించే ఊరికి.

మూడో రోజు, సోమవారం

మనవడు బడికి, అమ్మాయి అల్లుడు ఆఫీసుకి. ఒక్కణ్నే ఊరికి ఉత్తరంగా ఉన్న వాగు వైపు వెళ్లాను. పేరు టేగెలర్ ఫ్లీస్. దూకితే దాటేయొచ్చు కానీ దాని రెండు పక్కలా ఉన్న చిత్తడి మాత్రం విశాలం. వేలమంది కూలీలు తవ్విన కాలువలా కాకుండా మెలికలు తిరుగుతూ తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. చాలా దూరం చెక్కపలకల వంతెన వేశారు. రెల్లు, కప్పలు, ఎక్కడో కొంగ.

ఊరి దగ్గర వాగు ఒడ్డున ఒక ఊట ఉంది, ఈస్టర్ ఊట అంటారు. ఈస్టర్ నాడు పొద్దు పొడవక ముందే వెళ్లి నీళ్లు తెచ్చుకోవడం జర్మనీలో చాలాచోట్ల ఆచారం. తెచ్చేటప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, మాట్లాడితే నీళ్ల మహిమ పోతుంది. దారిలో కుర్రాళ్లు ఆడపిల్లల్ని నవ్వించడానికి కాచుకుని ఉండేవాళ్లట. ఇలాంటి మడి మనకెరుకే.

ఫోటో తీద్దామని బాట దిగి రెండడుగులు వేశానో లేదో, పిక్కలు భగ్గుమన్నాయి. దురదగొండి లాంటి ఆకు, మోకాలెత్తు పెరిగి ఉంది. సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగి, నా ముఖం చూసి, "బ్రెన్‌నెస్సెల్" అని ఒక్క మాట అని, వేరే ఆకు ఏదో కోసి నలిపి రుద్దుకోమని సైగ చేశాడు. తగ్గిందా అంటే, అర్ధగంటకు దానంతట అదే తగ్గింది. ఆయన మాట తీసెయ్యకూడదు కదా అని రుద్దుతూనే ఉన్నాను.

ఆ దురద గోలలోనే తల ఎత్తి చూస్తే ఎదురుగా బర్రెలు.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. బర్రెలే. నల్లగా, కొమ్ములు వెనక్కి వాలి, బురదలో మెడ దాకా మునిగి, మన చెరువులో ఉన్నట్టే కళ్లు సగం మూసుకుని. నగరం వాళ్లే తెచ్చి మేపుతున్నారు. ఈ చిత్తడి మైదానాల్లో గడ్డి కోసేవాళ్లు లేకపోతే రెల్లు, పొదలు కమ్మేసి, అరుదైన పూలమొక్కలు చచ్చిపోతాయి. యంత్రం దిగితే కూరుకుపోతుంది, ఆవు బురద ఇష్టపడదు. బర్రె అయితే రెల్లు తింటుంది, పొర్లి గుంటలు చేస్తుంది, ఆ గుంటల్లో కప్పలు గుడ్లు పెడతాయి. వెచ్చని నెలలంతా వీటి ఉద్యోగం ఇదే.

ఆగలేక తమ్ముడికి వీడియో కాల్ చేశాను. అక్కడ మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ఫోన్ తిప్పి చూపిస్తే, వాడు ఒక క్షణం ఏమీ మాట్లాడలేదు.

"ఎక్కడున్నవ్ అన్నా? ఊరికొచ్చినవా?"

"బెర్లిన్‌లోనే రా."

"ముర్రా కాదు" అన్నాడు, స్క్రీన్ దగ్గరికి మొహం తెచ్చి. "కొమ్ము మెలి తిరగలే. పాలెంత ఇస్తయంట?"

పాలు పితకరని, ఊరికే మేపుతారని చెప్పాను. వాడికి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ పూర్తిగా అర్థం కాలేదు. మా నాన్న కాలంలో మూసీ మురుగు నీళ్లతో పెంచిన పారా గడ్డి మోపులు కట్టి బర్రెలకు వేసేవాళ్లం. ఒక్కో బర్రె ఎన్ని లీటర్లు ఇస్తుందో దాన్నిబట్టే ఇంట్లో దాని మర్యాద. ఇక్కడ ఇవి బురదలో పొర్లినందుకే గౌరవం పొందుతున్నాయి. అదృష్టమంటే వీటిదే.

వాటి చుట్టూ కరెంటు తీగ కంచె ఉంది. ఇదే వాగు మీదుగా ఒకప్పుడు రెండు దేశాల సరిహద్దు పోయిన చోట, ఇప్పుడు నాకు కనిపించిన కంచె ఈ బర్రెల కంచె ఒక్కటే.

నాలుగో రోజు, మంగళవారం

వాన. బయటికి పోలేదు.

మెట్రో మ్యాప్ చూస్తూ కూర్చున్నాను. యూ8 లైను 1994లో విట్టెనావ్ స్టేషన్ దాకా వచ్చి ఆగింది. ఈ కాలనీ జనం అది తమ దాకా వస్తుందని కాలనీ కట్టిన నాటి నుంచీ ఎదురుచూస్తూనే ఉన్నారట. మా నాగోల్‌కు 2017లో మెట్రో వచ్చినప్పుడు మేమే ఆలస్యమైందని గొణుక్కున్నాం.

ఈ మేడలకు పునాదులు తీసే నాటికి గోడ వచ్చి రెండేళ్లే. చోటు చాలక, గుడిసెలూ కూరగాయల తోటలూ ఉన్న జాగాలో పశ్చిమ బెర్లిన్ ఇంత పెద్ద కాలనీ కట్టింది. దానికి ఉన్నది మొత్తం 480 చదరపు కిలోమీటర్లు, చుట్టూ 155 కిలోమీటర్ల గోడ. మరి పక్కనే ఉన్న ల్యూబార్స్ పొలాల్ని ఎందుకు వదిలేసింది? నా లెక్క ఇది: అవతలికి దారి లేని ఊరి గుండా ఎవరూ పోరు. ఎవరూ పోని చోట దుకాణం పడదు, దుకాణం పడని చోట రేటు పెరగదు. పైగా గోడ లోపల ఇరుక్కున్న ఇరవై లక్షల మందికి ఆదివారం ఊపిరి పీల్చుకోవడానికి కాస్త పచ్చదనం కావాలి. పొలాలకు రక్షిత ప్రాంతమన్న ముద్ర పడింది. గోడ కూలాక ఆ ముద్ర మాత్రం నిలిచింది.

సాయంత్రం ఇదంతా అల్లుడికి చెబితే, "మామయ్యా, అక్కడ ఇల్లు దొరికితే చెప్పండి, మేమే వెళ్లిపోతాం" అన్నాడు. దొరకదట. దొరికినా కొనలేమట.

ఆరో రోజు, గురువారం

బుధవారం కూడా ముసురే. గురువారం ఎండ కాసింది. పడమర వైపు, హెర్మ్స్‌డోర్ఫ్ దాటి గ్లీనికె అనే ఊరి అంచుకు వెళ్లాను. ఇది బెర్లిన్ కాదు, బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రం. మ్యాప్‌లో చూస్తే ఈ ఊరి ముక్క ఒకటి సన్నగా పొడుచుకుని బెర్లిన్‌లోకి దూరి ఉంటుంది. బాతు ముక్కులా ఉందని దాని పేరే ఎంటెన్‌ష్నాబెల్, అంటే బాతు ముక్కు. గోడ కాలంలో ఆ ఒక్క వీధికి మూడు వైపులా గోడే. అక్కడ ఉండేవాళ్లకు ప్రత్యేకమైన పాసు. చుట్టం రావాలంటే ముందే అనుమతి.

ఇప్పుడు చక్కటి ఇళ్లు, గులాబీలు, చడీచప్పుడు లేని వీధి. చూడటానికి ఏమీ లేదనే చెప్పాలి. నేను వచ్చింది మాత్రం ఒక సొరంగం కోసం.

1962 మేలో ఇక్కడ ఓరానియన్‌బుర్గర్ రోడ్డు పక్క ఒక ఇంటి కోళ్ల గూటిలోంచి కొందరు ముసలివాళ్లు సొరంగం తవ్వారు. ముందున్న మాక్స్ థోమాస్ అనే ఆయనకు అప్పుడు 81 ఏళ్లు. 32 మీటర్లు తవ్వి, 12 మంది అవతలికి, పశ్చిమ బెర్లిన్‌కు వచ్చేశారు. విశేషం పొడుగు కాదు, ఎత్తు. సొరంగం ఎత్తు దాదాపు మనిషెత్తు. పాకుతూ పోయేంత తవ్వితే సగం శ్రమతో పోయేది కదా అంటే, భార్యల చేత నడుం వంచించి తీసుకెళ్లడం మాకిష్టం లేదని చెప్పారట.

ఈ కథ నాకు రెండు రోజులు పట్టుకుంది. మా నాన్న 80 ఏళ్లప్పుడు బావిలో పూడిక తీయడానికి దిగుతానని పట్టుబట్టి, మేం ఆపితే అన్నం మానేశాడు. ఆ వయసు మగవాళ్ల పట్టుదల ఎక్కడైనా ఒకటేనేమో. అమ్మను అడక్కుండా నిర్ణయాలు తీసుకోవడం కూడా. ఆ ఆడవాళ్లను ఎవరైనా అడిగి ఉంటే, వంగే పోదాం గానీ తొందరగా పోదాం పదండి అనేవాళ్లేమో.

దారి పక్కన సొరంగాల గురించి రాసిన ఫలకం ఉంది. పక్కనే కార్లు దూసుకుపోతున్నాయి. పది నిమిషాలు నిలబడి వచ్చేశాను.

ఎనిమిదో రోజు, శనివారం

వచ్చే మంగళవారం నా విమానం. ఈరోజు అందరం కలిసి ల్యూబార్స్ నుంచి బ్లాంకెన్‌ఫెల్డెకు నడుద్దామని అమ్మాయి ప్లాన్. పులిహోర డబ్బా, నీళ్ల సీసాలు రెండు, ఈసారి మర్చిపోలేదు.

చర్చి దగ్గర నుంచి తూర్పుకు రోడ్డు సన్నగా పొలాల మధ్య పడుతుంది. ఎడమవైపు చేను, కుడివైపు చేను, పైన చకోరాల్లాంటి పిట్టలు ఒకేచోట గాల్లో నిలబడి అరుస్తున్నాయి. రై వెన్ను వేసింది, గాలికి అలలా వంగుతోంది. ఎదురుగా సైకిళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు, ఒకట్రెండు గుర్రాలు.

పావుగంట నడిచాక గోడ ఉన్న చోటు వచ్చింది. ఎక్కడుందో తెలుసుకోవడానికి అల్లుడు ఫోన్‌లో మ్యాప్ తెరవాల్సి వచ్చింది. పాత సరిహద్దు వెంట ఇప్పుడు సైకిళ్ల బాట ఉంది, నగరం చుట్టూ దాదాపు 160 కిలోమీటర్లు. ఆ బాట మన రోడ్డును దాటే దగ్గర, గుర్తుగా ఒక రాయి. చెక్‌పాయింట్ క్వాలిట్స్. నగరం మధ్యలో చెక్‌పాయింట్ చార్లీ అని ఒకటుంది, అమెరికా సైన్యం పెట్టిన పేరు. దాని దగ్గర ఫోటోలు తీసుకోవడానికి లైన్లు. ఇది మాత్రం ఒక రైతు పేరు.

1989 నవంబర్ 9 రాత్రి బెర్లిన్ గోడ తెరుచుకుందని మనందరం టీవీలో చూశాం. నిజానికి ఆ రాత్రి తెరుచుకున్నవి గేట్లు. గేటు లేని చోట గోడ గోడలాగే ఉంది. ల్యూబార్స్ చివర గేటు లేదు. ఏడు నెలలు గడిచినా పక్కూరికి దారి లేదు. 1990 జూన్‌లో ల్యూబార్స్ రైతు హెల్ముట్ క్వాలిట్స్ తన ట్రాక్టర్ తోలుకొచ్చి గోడను తోసేసి దారి తీశాడు. రెండు జర్మనీలు ఒకటి కావడానికి ఇంకా నాలుగు నెలల టైముంది, అంటే చట్టం ప్రకారం అదింకా సరిహద్దే. ఆయన ఆ లెక్క చూసుకోలేదు. పొలిమేర దారిని ఎవరైనా దున్నేసి కలిపేసుకుంటే మన ఊళ్లలో ఏం చేస్తారో ఆయనా అదే చేశాడు.

ఇక్కడి చరిత్రలో నాకు బాగా నచ్చిన మనిషి ఈయనే. అధ్యక్షులు, ప్రధానులు ప్రసంగాలు చేసిన గోడను ఒక రైతు దారికి అడ్డంగా పడిన మొద్దులా చూశాడు.

మనవడు ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి నిలబడ్డాడు. "ఇప్పుడు నేను ఏ దేశంలో ఉన్నా తాతా?" అని అడిగాడు. వాళ్లమ్మ వాడిని కదలొద్దని చెప్పి ఫోటో తీసింది. అక్కడే గట్టు మీద కూర్చుని పులిహోర తిన్నాం.

బ్లాంకెన్‌ఫెల్డెలో చూడటానికి ల్యూబార్స్ అంత అందమేమీ లేదు. రోడ్డు మీద కార్లు ఎక్కువ, ఇళ్లకు మరమ్మతులు నడుస్తున్నాయి. ఈ ఊరి చరిత్ర వేరు. బెర్లిన్ నగరం 19వ శతాబ్దం చివర్లో ఇక్కడి ఎస్టేటును కొని, తన మురుగు నీటిని పైపుల్లో తెచ్చి పొలాలకు పారించింది. నగరం మురుగు, పల్లె గడ్డి. ఇది వినగానే నాకు మూసీ ఒడ్డు, పారా గడ్డి మోపులు గుర్తొచ్చాయి. అంటే ఈ ఊరు 1920లో కాగితం మీద నగరం కావడానికి చాలా ముందే నగరానికి పని చేయడం మొదలుపెట్టింది. మా ఊరూ అంతే. కలుపుకోవడం ఆఖరున జరిగే పని.

ఎండ నెత్తికెక్కక ముందే వెనక్కి తిరిగాం. ల్యూబార్స్ చేరేసరికి 222 వెళ్లిపోయింది, ఇంకోదానికి ఇరవై నిమిషాలు. గుర్రాల శాల ముందు పెద్దావిడ గడ్డిమోపు విప్పుతోంది. మమ్మల్ని చూసి ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగింది.

"బ్లాంకెన్‌ఫెల్డె దాకా నడిచి వచ్చాం" అని చెప్పమన్నాను మనవడితో.

ఎంతసేపు పట్టిందని అడిగింది. అల్లుడు ఫోన్ చూసి, పోయేటప్పుడు తిండికి ఆగిన టైము తీసేసి, నలభై నిమిషాలన్నాడు.

ఆమె తల ఊపింది. మోపులోంచి తాడు లాగేసి, చుట్టచుట్టి, మేకుకు తగిలించింది. తర్వాత ఏదో అంది. మనవడు నా వైపు తిరిగి చెప్పాడు:

"వాళ్ల నాన్న కూడా నలభై నిమిషాలే అనేవాడట తాతా."